తనిఖీ రోజు చొక్కా

బెంచీ మీద కూర్చోబోతూ అలవాటుకొద్దీ చూపుడువేలితో చెక్క మీద ఒక గీత గీసింది. వేలికి బూడిదరంగు దుమ్ము అంటింది. కాగితాల దుమ్ము, వచ్చేపోయేవాళ్ళ చెప్పుల దుమ్ము. తెల్లది కాదు. తెల్లది కాదని రూఢి చేసుకున్నాకే కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. బెంచీకి ఒక కాలు పొట్టిదేమో, కాస్త కదిలితే చాలు టక్కుమంటోంది. టక్కుమన్నప్పుడల్లా కోర్టు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న బంట్రోతు తలెత్తి చూస్తున్నాడు. ఎదురుగా గోడ మీద 'నిశ్శబ్దం' అని రాసి ఉంది. అక్షరాలు ఆలస్యంగా వంటబట్టిన మనిషి కాబట్టి గోడ మీద ఏది కనపడినా చదవకుండా వదలదు. వచ్చినప్పటి నుంచి ఆ ఒక్క మాటే ఎన్నిసార్లు చదివిందో. మాట్లాడటానికి పిలిపించి నిశ్శబ్దం అని రాసిపెట్టడం ఏమిటో. లాయరమ్మ లోపలికి వెళ్ళబోతూ చెప్పింది, "మొదటి సాక్షి లోపలున్నారు పెద్దమ్మా. రెండో సాక్షి ఛాతీ డాక్టరు, ఆయనది తొందరగానే అయిపోతుంది. ఆ తర్వాత మీరే. ఓ గంట పట్టొచ్చు, కంగారుపడకండి" అని. గంటేగా. గంటలు గడపడం ఆమెకు కొత్త కాదు. ఆసుపత్రి వరండాలో ఇలాంటి బెంచీ మీదే ఎన్ని గంటలు గడిపింది, దానికీ ఒక కాలు పొట్టిదే. ప్రభుత్వం వాళ్ళు బెంచీలన్నీ ఒకే వడ్రంగి చేత చేయిస్తారు కాబోలు అనుకుంది. నవ్వు రాబోయి ఆగింది, అసలు సంగతి మళ్ళీ వచ్చి గుండెల మీద కూర్చుంది. ఇంకాసేపట్లో ఆ తలుపు అవతల తన మొగుడు నవ్వుతూ కనిపిస్తాడు. కంపెనీ తరఫు లాయరు ఆయన పాత ఫోటో బయటపెట్టి అందరికీ చూపిస్తాడు. పోయినవాడు ఇన్నేళ్ళకు నవ్వుతూ ఎదురుగా నిలబడితే తన నోరు పెగులుతుందా?

మొదటి సాక్షి ఆ ఆఫీసరే. ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసరు, ఇప్పుడు రిటైరయ్యాడు. పొద్దున ఈ వరండాలోనే ఆయన్ను మొదటిసారి చూసింది. ఇన్నేళ్ళుగా మనసులో ఆయనకు ఆరడుగుల ఎత్తు, పెద్ద మీసం, చేతిలో బెత్తం పెట్టుకుని ఉంది. వచ్చింది చూస్తే పొట్టి మనిషి, చంకలో అన్నం సంచి, జేబులో రెండు కళ్ళజోళ్ళు. "కాస్త దారిస్తారా అమ్మా" అన్నాడు, ఆమె కాళ్ళు ముడుచుకుంది, వెళ్ళిపోయాడు. అంతే. ఎవరి పేరు చెబితే ఫ్యాక్టరీ నేలంతా నీళ్ళు పోసి కడిగేవాళ్ళో, ఎవరు వస్తున్నారంటే మేనేజరు స్వయంగా చీపురు పట్టుకునేవాడో, ఆ మనిషి ఇతనేనా? ఆయన ఆమెను చూశాడు గానీ ఎవరని గుర్తుపడతాడు? ఆయన ఎన్నిసార్లు ఫ్యాక్టరీకి వచ్చాడో అన్నిసార్లూ ఆమె అక్కడ లేదు. ఊరికి దూరంగా, ఆనకట్ట పక్క తోటలో, చెట్టు నీడన, చెయ్యి పొడవునా కారిపోతున్న ఐస్‌క్రీము నాకుతూ ఉంది. ఆమె పక్కన మొగుడు ఉన్నాడు.

గిన్నెలు తోమే పొడి చేసే ఫ్యాక్టరీ అది. తెల్లరాయిని మరలో వేసి పిండి కన్నా మెత్తగా ఆడించి, జల్లించి, సబ్బుపొడి కలిపి ప్యాకెట్లలో నింపేవాళ్ళు. ప్యాకెట్టు మీద బొమ్మలో ఒకావిడ తళతళలాడే పళ్ళెంలో తన మొహం తాను చూసుకుని మురిసిపోతూ ఉండేది. ఆయన మర దగ్గర, ఆమె జల్లెడ దగ్గర. మధ్యలో గోడ లేదు గానీ ఉన్నట్టే. మర తిరుగుతుంటే రెండు బారల దూరంలో మనిషి ఆనేవాడు కాదు, దగ్గును బట్టే ఎవరో పోల్చుకునేవాళ్ళు. దుమ్ము పీల్చే ఫ్యాన్లు గోడలకు ఉండేవి. కరెంటు బిల్లు పెరుగుతుందని వాటి తీగలు పీకేసి చుట్టచుట్టి పెట్టారు. సాయంత్రానికి అందరి జుట్టూ, కనుబొమ్మలూ, కనురెప్పల వెంట్రుకలూ కూడా తెల్లబడేవి. గేటు దగ్గర ఆయన నడుం వంచి, చేతిలో లేని కర్ర మీద ఊతం పెట్టి, "ఏమే ముసలీ, ఇంటికి పోదామా" అనేవాడు. "పద ముసలాడా, నీకు దారి కనిపిస్తోందా" అనేది ఆమె. ఇంటికి పోయి నెత్తిన నాలుగు చెంబులు పోసుకుంటే మళ్ళీ పడుచువాడు. అలా రోజూ సాయంత్రం ముసలివాడయ్యాడు గానీ నిజంగా ముసలివాడయ్యే రాత మాత్రం లేకపోయింది. ఆయన వంతుది కూడా ఆమే అనుభవిస్తోంది, ఈ మోకాళ్ళతో, ఈ కళ్ళతో.

బస్సు మాత్రం ఎంత బాగుండేది. ఉన్నట్టుండి ఓ రోజు పొద్దున్నే గేటు బయట బస్సు నిలబడి ఉండేది, మెట్ల మీద వెల్ఫేర్ ఆఫీసరు ఈల ఊదుతూ, "పని లేదు, జీతం కోత లేదు, ఎక్కండెక్కండి! ఏడుపు మొహాలు గేటు దగ్గర వదిలేసి ఎక్కండి!" అని అరిచేవాడు. అందుకే ఆయనకు పిక్నిక్ సారు అని పేరు పడిపోయింది, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మనిషి మంచివాడు, పిల్లలున్న వాళ్ళకు రెండేసి రొట్టెలు ఎక్కువిచ్చేవాడు. ఆనకట్ట దగ్గర నీళ్ళ మీది నుంచి వచ్చే గాలిని మొదటిసారి పీల్చినప్పుడు ఆమెకు కళ్ళు తిరిగాయి. ఎక్కువ తాగితే మంచినీళ్ళూ మత్తెక్కిస్తాయేమో, గాలీ అంతేనేమో అనుకుంది. తాడులాగే పోటీలో ఆయన అందరికన్నా ముందు నిలబడి, తాడు తెగితే వెల్లకిలా పడి, పడ్డవాడు లేవకుండా ఆకాశం వైపు చూస్తూ పాట ఎత్తుకున్నాడు. అది పాటో, తలుపు కీచుమన్న చప్పుడో. "మీ ఆయన గొంతు మరలో పడి నలిగిందే" అంది పొట్టక్క, జల్లెడకు అవతలి కొస పట్టుకునే మనిషి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మిట్టమధ్యాహ్నం వెలుగులో ఆయన్ను నల్లటి జుట్టుతో చూసింది అప్పుడే. పొద్దున చీకట్లో వెళ్ళి పొద్దు వాలాక వచ్చే బతుకులో మొగుడి జుట్టు ఇంత నలుపని తెలియడానికి ఒక పిక్నిక్ కావలసి వచ్చింది. ఆయన జుట్టులో వేళ్ళు పెట్టి చూసింది, అందరి ముందూ, సిగ్గు లేకుండా. నీ బతుకులో మంచి రోజులేవి అని దేవుడే వచ్చి అడిగితే ఆమె ఆలోచించనవసరం లేదు. బస్సు ఎక్కిన రోజులే. సరిగ్గా ఆ రోజులే నేరం జరిగిన రోజులని లాయరమ్మ చెప్పింది. మిమ్మల్ని సంతోషపెట్టలేదు పెద్దమ్మా, ఆఫీసరు కంటపడకుండా తప్పించారు అంది.

లాయరమ్మ గవర్నమెంటు తరఫు మనిషి. చిన్న వయసు, పెద్ద సంచి, ఆ సంచి బరువుకు ఒక భుజం కిందికి జారి ఉంటుంది. కిందటి నెల ఇంటికి వచ్చి, ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా మాట్లాడింది. కేసు ఏమిటంటే, తనిఖీకి వచ్చిన వాళ్ళను కంపెనీ మోసం చేసింది, లేని శుభ్రం ఉన్నట్టు చూపించింది, ఆ మోసంతో ఏటేటా అనుమతి సంపాదించి మర తిప్పింది. రుజువైతే పెద్దవాళ్ళు జైలుకు పోతారు. ఊరికి అవతల కట్టిన కొత్త ఫ్యాక్టరీకి అనుమతి రాదు. ఆమె అంతా విని, "మరి మా ఆయన పోయింది ఎందులోకీ రాదా?" అని అడిగింది. "అది వేరే కేసు పెద్దమ్మా. అందులో వాళ్ళు సిగరెట్లు తాగాడంటారు, వాళ్ళ నాన్నకూ దగ్గుండేదంటారు, చిన్నప్పుడు తిండి సరిగా లేదంటారు. చావుకు వంద కారణాలు చూపించొచ్చు. అబద్ధానికి అలా కుదరదు, చెప్పినవాళ్ళదే." "అంటే మనిషిని చంపడం కన్నా ఆఫీసరుకు అబద్ధం చెప్పడం పెద్ద నేరమా తల్లీ?" లాయరమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. "పెద్దదని కాదు. దొరికింది అది" అంది. చదువుకున్నదైనా అబద్ధం చెప్పని పిల్ల. కానీ ఆమెకు ఒళ్ళు మండింది. ఇల్లు తగలబెట్టినవాణ్ణి పట్టుకుని అగ్గిపెట్టె దొంగిలించావని కేసు పెట్టినట్టుంది మీ వరస అంది. అన్నదే గానీ ఆ మాట తర్వాత ఎన్ని రోజులు నమిలిందో, అంట్లు తోముతూ, గుమ్మంలో కూర్చుని. అంట్లు తోమేది ఉత్త సబ్బుతోనే, పొడి ఇంట్లోకి రానివ్వదు.

ఎందుకంటే ఆ అబద్ధం ఎక్కడెక్కడ తిరిగిందో ఆమెకు ఒక్కొక్కటే గుర్తొస్తూ పోయింది. ఆఫీసరు చూసి వెళ్ళిన కొన్నాళ్ళకు గేటు పక్కన అద్దం కట్టి ఒక కాగితం వేలాడదీశారు. ఆమెకు అప్పట్లో అక్షరం రాదు, ఆయనే చదివి చెప్పాడు, వేలితో అద్దం మీది తెల్లదుమ్ము తుడుస్తూ: ఇక్కడి గాలి శుభ్రంగా ఉన్నదని ప్రభుత్వం వారు ధ్రువీకరించడమైనది. "చూశావా, మనం పీల్చేది గవర్నమెంటు గాలి" అన్నాడు. తర్వాత దగ్గు వచ్చింది, వచ్చింది పోలేదు. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూసి, ఫ్యాక్టరీ పేరు అడిగి, "అక్కడ దుమ్ము లేదని సర్టిఫికెట్టు ఉంది కదయ్యా, ఇంకెక్కణ్ణించి వస్తుంది? నిజం చెప్పు, రోజుకు ఎన్ని తాగుతావు?" అన్నాడు. ఆయన ఎప్పుడూ తాగలేదు. డాక్టరు చెడ్డవాడేం కాదు, కాగితాన్ని నమ్మాడు. ఆ కాగితాన్ని అందరూ నమ్మారు. బీమా వాళ్ళు నమ్మారు, బావగారు నమ్మారు. చివరికి ఆయనే నమ్మాడు. మంచం మీద, వీపు గోడకు ఆనించి, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి అరువు తెచ్చుకుంటూ, "నా ఒంట్లోనే ఏదో లోపం ఉందే" అన్నాడు. "అందరూ పీల్చిన గాలేగా. నాకే పడలేదు. నీకు గట్టి మనిషి దొరకాల్సింది. ఏమనుకోకు." ఏమనుకోకట. పండు తెమ్మంటే కుళ్ళిన పండు తెచ్చినప్పుడు కూడా ఏమనుకోకు అని అనని మనిషి. "ఊరుకో, మాట్లాడకు, ఆయాసం వస్తుంది" అంది ఆమె. అంతకన్నా చెప్పడానికి తన దగ్గర ఏముంది అప్పుడు? ఆయన తప్పు తనదనుకుంటూ పోయాడు. కంపెనీ వాళ్ళు చెప్పిన అబద్ధం ఒక్క ఆఫీసరు చెవిలో పడి ఊరుకోలేదు. గేటు దగ్గర అద్దంలో కూర్చుంది, ఆసుపత్రికి నడిచింది, ఆమె ఇంటి గుమ్మం దాటి లోపలికొచ్చి మంచం మీద మగనిచేత క్షమాపణ చెప్పించింది. అగ్గిపెట్టె దొంగతనం కాదు. ఇల్లు తగలబడింది ఆ పుల్లతోనే.

బెంచీ టక్కుమంది. ఎవరో వచ్చి అవతలి కొసన కూర్చున్నారు. ముందు చెప్పులు చూసింది, తర్వాత చేతికర్ర, తర్వాత ఒళ్ళో పెట్టుకున్న పలకలాంటి పొట్లం, గోధుమరంగు కాగితం, పురికొస. మొహం చూడకుండానే గొంతు గుర్తుపట్టింది. అది ఈల ఊదిన గొంతు.

"ఏమ్మా, గుర్తుపట్టావా?"

"పట్టకేం సారూ. బాగా చిక్కిపోయారు."

"షుగరమ్మా. అన్నీ మానేయమన్నారు. ఊరంతటికీ ఐస్‌క్రీములు పంచినవాణ్ణి, నా నాలుక మీద ఒక్క చుక్క వేసుకునే యోగం లేదు. నువ్వు రెండు తినేదానివి, గుర్తుందా?"

"రెండోది ఆయనది సారూ. ఆయనకు పళ్ళు జివ్వుమనేవి."

పిక్నిక్ సారు నవ్వాడు, నవ్వి, ఆ నవ్వును ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కర్ర పిడి మీదికి చూశాడు. ఆయన కంపెనీ తరఫు సాక్షి. ఆమె తర్వాత ఎప్పుడో పిలుస్తారు. పొట్లాన్ని బెంచీ మీద ఆమె వైపు జరిపాడు. "ఇది నీకేనమ్మా. ఆ ఫోటో. పెద్దది చేయించి ఫ్రేము కట్టించాను. ఎవరో చెబితే కాదు, నాకే అనిపించింది. మీ ఆయన ఎంత బాగా పడ్డాడో చూడు." ఆమె చెయ్యి సంచి మీద నుంచి లేచింది, ఆమె లేపలేదు, దానంతట అదే లేచింది. ఇంట్లో గోడకున్నది ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు ఫోటో, పెద్దది చేయించింది. పెద్దది చేసినకొద్దీ దొంగను పట్టుకొచ్చి నిలబెట్టినట్టు తయారైంది. ఆయన నవ్విన ఫోటో ప్రపంచంలో ఇదొక్కటే, ఇదీ కంపెనీ వాళ్ళ దగ్గరే. పండగలాంటి మనిషిని గోడ మీద దొంగలా చూసుకుంటూ బతుకుతోంది. పొట్లం మీద పురికొస ముడి వదులుగా ఉంది, ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది.

"నిన్ను అబద్ధం చెప్పమనట్లేదమ్మా" అన్నాడు సారు గొంతు తగ్గించి. "ఆ రోజు సంతోషంగా ఉన్నారా లేదా? ఉన్నామని చెప్పు, చాలు. అది నిజమేగా. నేను మీకు ఏనాడైనా చెడు చేశానా?"

"లేదు సారూ."

"బస్సు పెట్టమన్నారు, పెట్టాను. నాకేం తెలుసు?"

"ఎందుకు పెట్టమన్నారో అడగలేదా సారూ?"

పిక్నిక్ సారు గోడ మీద రాసి ఉన్న మాట వైపు చూశాడు. ఆమెలాగే కూడబలుక్కుని చదువుతున్నట్టు. తర్వాత ఆమె అడిగింది విననట్టే పొట్లాన్ని వేలితో తడుతూ, "ఆ రోజు మీ ఆయన పెళ్ళికొడుకులా తయారై వచ్చాడమ్మా. ఇస్త్రీ చొక్కా, బూట్లకు పాలిష్, పక్కపాపిడి. మీరందరూ అంతే, తెగ ముస్తాబయ్యారు. పిక్నిక్కంటే అంత సరదా మీకు. మన లాయరు గారు కూడా అదే అన్నారు. ముందే తెలిసి, ఇష్టపడి, ముస్తాబై వెళ్ళారు, ఇందులో దాపరికం ఏముంది అని" అన్నాడు.

ఆమె చెయ్యి వెనక్కి వచ్చి సంచి మీద వాలింది. చొక్కా. ఆ చొక్కా సంగతి లాయరమ్మకు చెప్పలేదు. మర గురించి చెప్పింది, పీకేసిన తీగల గురించి చెప్పింది, దగ్గు గురించి, మంచం గురించి, ఎవరికీ చెప్పుకోనివన్నీ చెప్పింది, చొక్కా ఒక్కటీ మింగేసింది. సిగ్గు. నవ్వుతారని సిగ్గు. దాని కన్నా ముందు ఏడాది వాన రోజు చూసింది చెప్పింది గానీ, దాని వెంట వచ్చిన ఇది చెప్పలేదు. ఆ ఏడాది ఆనకట్ట దగ్గర దిగీ దిగగానే కుండపోత. డ్రైవరు తడిసిన జనాన్ని ఎక్కించుకుని మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీకి తిప్పుకొచ్చేశాడు, అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు పాపం. గేటు ఊచల్లోంచి చూస్తే లోపల వాళ్ళ ఫ్యాక్టరీయే గానీ వాళ్ళది కాదు. నేల నల్లగా తడిసి మెరుస్తోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి! మరలో తడిపిన రాయి కొంచెం కొంచెం పోస్తున్నారు, పొగలా లేచే దుమ్ము ఏమైందో. ఆయన తిప్పే మర దగ్గర స్టోరు గుమాస్తా, ఆమె జల్లెడ దగ్గర జీతాల ఆఫీసులో పనిచేసే అమ్మాయి, అందరికీ ముక్కులకు కొత్త మాస్కులు, పుట్టినప్పటి నుంచీ అక్కడే పనిచేస్తున్నట్టు నిలబడి ఉన్నారు. ఎవరో కోటు మనిషి వీపు కనిపించింది. కాపలావాడు పరుగెత్తుకొచ్చి బస్సును వెనక సందులోకి తోలించాడు. బస్సులో కూర్చున్న వాళ్ళకు ఏం అర్థమైందని? మోసం అనుకున్నారా, కోపం వచ్చిందా? లేదు. పడీ పడీ నవ్వారు. "ఆ పిల్ల జల్లెడ పట్టుకున్న తీరు చూడవే, పసిపిల్లను ఎత్తుకున్నట్టు" అని పొట్టక్క కళ్ళనీళ్ళు తుడుచుకుంది. నవ్వి నవ్వి, అలిసిపోయాక పొట్టక్కే నెమ్మదిగా అంది, "ఇంటికి పెద్దమనుషులొస్తే చిరుగు పరుపును మంచం కిందికి తోసేస్తాం చూడు, అలా తోసేశారే మనల్ని. మన మొహాలు చూపించుకోలేక." నిజమే అనిపించింది అందరికీ. చింపిరి జుట్టు, మాసిన బట్టలు, పళ్ళ దాకా తెలుపు. గవర్నమెంటు మనిషి వస్తే ఎవరు మాత్రం చూపించుకుంటారు?

దుమ్మును దాస్తున్నారని తట్టలేదు. తామే దుమ్మనుకున్నారు.

అందుకని మరుసటి ఏడాది, రేపు తనిఖీ అని సూపర్‌వైజరు నోరు జారితే, ఆ సాయంత్రం ఆడవాళ్ళు మగవాళ్ళు ఒక్క మాట మీదకు వచ్చారు. ఈసారి మనల్ని దాచక్కర్లేకుండా వెళదాం. ఎవరి పెట్టెలో ఉన్నది వాళ్ళు తీశారు. ఆమె పక్కింటి నుంచి ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చింది. నిప్పులు ఊదుతుంటే ఆయన వెనక నిలబడి, "చేతుల మడత కత్తిలా ఉండాలే, ఆఫీసరు వేలు తెగాలి" అన్నాడు. కాలర్ కింద చిన్న చిరుగుంటే కనపడకుండా కుట్టింది. బూట్లు వాళ్ళ తమ్ముడివి, ఒక వేలు వెడల్పు పెద్దవి, ముందర గుడ్డ కూరాడు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఆఫీసరు తనను ఏమడుగుతాడో, తానేం చెప్పాలో గొణుక్కున్నాడు. "ఎన్నేళ్ళ నుంచి పనిచేస్తున్నావయ్యా అంటాడు. పద్ధతిగా చెప్పాలి. ఫ్యాన్ల సంగతి కూడా అడుగుతాడేమో, అడిగితే చెబుతా, అడక్కుండా చెబితే బాగోదు." అలా వెళ్ళారు, పెళ్ళికి వెళ్ళినట్టు, వరసగా. గేటు ముందు బస్సు నిలబడి ఉంది. సారు ఈల ఊదాడు. ఆయన ఒక క్షణం తన చొక్కా వైపు చూసుకున్నాడు. తర్వాత ఆమె వైపు చూసి, "సర్లే, ఇంత తయారయ్యాం, చేపలన్నా చూస్తాయి" అన్నాడు. ఆ మాటకే ఆమె నవ్వింది. ఆనకట్ట దగ్గర అదే మాట మళ్ళీ అన్నాడు, మళ్ళీ నవ్వింది, ఆయనా నవ్వాడు, ఎవరో కెమెరా నొక్కారు. అదీ ఆ ఫోటో.

"తీసుకోమ్మా" అన్నాడు సారు. "లోపల చూపించేది లోపలే ఉండిపోతుంది, కేసు కాగితాల్లో. ఇది ఇంటికొస్తుంది."

నిజమే. ఇది ఇంటికొస్తుంది. గోడ మీద దొంగను దించేసి దీన్ని తగిలించుకోవచ్చు, పొద్దున లేవగానే చూసుకోవచ్చు. ఈ మనిషి నిజమే చెప్పమంటున్నాడు, సంతోషంగా ఉన్నామనే చెప్పమంటున్నాడు. కానీ ఫోటో ఇంటికొచ్చి గోడెక్కాక, ఆయన అటు నుంచి నవ్వుతూ, చొక్కా సంగతి చెప్పావా అని అడిగితే? ఏమనుకోకు అని ఈసారి ఎవరనాలి? సిగ్గు తనదా? ఆ పూట ఇస్త్రీ చేసినవాళ్ళదా, బస్సు పెట్టించినవాళ్ళదా? పొట్టక్క కూడా పోయింది, అదే దగ్గుతో. తానూ లోపమున్నదాన్నే అనుకుని పోయి ఉంటుంది. బతికి ఉంటే ఈ బెంచీని టక్కుటక్కుమనిపిస్తూ బంట్రోతును ఏడిపించి ఉండేది, పోవే, చెప్పవే, నవ్వితే నవ్వనీ, మనం నవ్వలేదా అని వీపు మీద ఒక్కటి చరిచి ఉండేది.

"మూడో సాక్షీ" అని బంట్రోతు పిలిచాడు. ఇంత దగ్గర్లో ఉన్నా ఊరంతా వినపడేట్టు మూడుసార్లు పిలిచాడు. అది వాళ్ళ పద్ధతట.

లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. పొట్లాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా, పడిపోకుండా, సారు ఒళ్ళోకి జరిపింది. "ఉంచండి సారూ. ముందు లోపల చూసొస్తాను" అంది.

లోపల అనుకున్నంత పెద్ద గది కాదు. ప్రమాణం చేయించారు. లాయరమ్మ అడిగినవాటికి నేల చూపులు చూస్తూనే చెప్పింది, మర, జల్లెడ, ఫ్యాన్లు, వాన రోజు గేటు ఊచలు. తర్వాత కంపెనీ లాయరు లేచాడు. మెత్తటి మనిషి, అమ్మా అనే పిలిచాడు. ఎదుటి గోడకున్న తెర మీద వెలుగు పడింది, అప్పుడు తలెత్తక తప్పలేదు. ఆయన. గోడంత పెద్దగా. జుట్టు నల్లగా, ఎంత నల్లగా ఉందో. పక్కన ఎవరో సన్నటి పడుచుపిల్ల పగలబడి నవ్వుతోంది, అది తనేనని కాసేపటికి గానీ తట్టలేదు. వాళ్ళ వెనక పొట్టక్కా, మిగతా జనమంతా ముస్తాబై వరసగా నిలబడి ఉన్నారు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఆ చేతుల మడత చూస్తోంది. కత్తిలాగే ఉంది.

"పక్కనున్నది మీ వారేగా అమ్మా?"

"మా ఆయనే."

"నవ్వుతున్నారు కదా ఇద్దరూ."

"నవ్వుతున్నామండీ."

"సంతోషంగా ఉన్నారు."

"చాలా సంతోషంగా ఉన్నాం. నిజమే."

లాయరు జడ్జి వైపు తిరిగి తల పంకించాడు. "చూడండి, ఇస్త్రీ బట్టలు, పాలిష్ బూట్లు. కంపెనీ ముందే చెప్పింది, వీళ్ళు ఇష్టపడి, పిక్నిక్ కోసం ముస్తాబై వెళ్ళారు. అంతేనా అమ్మా?"

"బట్టలు పిక్నిక్ కోసం కాదండీ."

లాయరు ఆగాడు. అడగకుండా ఉండాల్సింది, కానీ నోట్లోంచి వచ్చేసింది. "మరెందుకు?"

బోను కర్ర కమ్మీ పట్టుకుంది. బుగ్గలు వేడెక్కాయి, ఈ వయసులో కూడా. "మర్నాడు ఆఫీసరుగారు వస్తారని సూపర్‌వైజరు చెప్పాడండీ. పిక్నిక్కని ఎవరూ చెప్పలేదు. అంతకుముందు మమ్మల్ని బస్సెక్కించి మా చోట వేరేవాళ్ళను నిలబెట్టడం కళ్ళారా చూశాం. మేం మురికిగా ఉంటామని దాచేస్తున్నారేమో అనుకున్నాం. శుభ్రంగా వస్తే దాచరేమో అనుకున్నాం. అందుకని తయారయ్యాం. ఆయన మమ్మల్ని చూస్తారని."

వెనక ఎక్కడో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. టైపు చేసే అమ్మాయి వేళ్ళు ఆగిపోయాయి. జడ్జి ముందుకు వంగాడు. "కాస్త గట్టిగా చెప్పండమ్మా, రాసుకోవాలి. మరి ఆఫీసరు చూశారా మిమ్మల్ని?"

"చూడలేదండీ" అంది. అని, తెర మీది మనిషి వైపు తిరిగి, ఆయనకు చెబుతున్నట్టు, మంచం దగ్గర చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతున్నట్టు, గది చివరిదాకా వినపడేలా మళ్ళీ చెప్పింది. "చూడనివ్వలేదు."

సాక్ష్యం ముగించుకుని వెనక వరసలో కూర్చున్న పొట్టి మనిషి అన్నం సంచి పక్కన పెట్టాడు. ఉన్న కళ్ళజోడు తీసి జేబులోంచి రెండోది తీసి పెట్టుకున్నాడు. లేచి నిలబడి, తెర మీద ఒక్కొక్క మొహాన్నీ వరసగా చూడసాగాడు.